అమ్మ వెండి రూపాయలు మేం ముగ్గురం పంచుకున్న తీరు

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు, 2025 జూన్ 8 ఆదివారం, పరకాల దగ్గరి మా ఊళ్లో అక్క, నేను, తమ్ముడు కలిసి ఆమె సందుగ తెరిచాం. అడుగున పాత చీర ముక్కలో వెండి రూపాయలు ఉంటాయని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏటా దీపావళి నోముల నాడు బయటికి వచ్చి, పసుపు కుంకుమ పెట్టించుకుని, మర్నాడు మళ్లీ లోపలికి పోయేవి. ఎన్ని ఉన్నాయో మాత్రం ఎవరమూ ఎరగం. లెక్కపెడితే తరిగిపోతాయని అమ్మ లెక్కపెట్టనిచ్చేది కాదు.

ఆ రోజు చాప మీద పోసి లెక్కపెట్టాం. పెద్ద రూపాయలు 38. అర్ధ రూపాయలు మూడు, పావలాలు నాలుగు, రెండణాల బేడలు రెండు. ఇవి కాక పసుపు గుడ్డలో ముడి వేసిన బిళ్ల ఒకటి. ముడుపు అని చూడగానే తెలిసింది కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

"మనిషికి పన్నెండు, రెండు మిగులుతాయి" అన్నాడు తమ్ముడు. బోరు మోటారు కాలిపోయి వారమైంది, వాడి తొందర వాడిది. అక్క ఒక రూపాయిని, ఇంకో రూపాయిని రెండు చేతుల్లో పట్టుకుని "అన్నీ ఒకటేనా?" అంది. ఆ ఒక్క మాటకు జవాబు దొరకడానికి రెండు నెలలు పట్టింది.

అన్నీ ఒకటి కావన్న సంగతి అమ్మకు బాగా తెలుసు. ఇంగ్లీషు రాజు బొమ్మ, రాణి బొమ్మ ఉన్నవాటిని కల్దార్లు అనేది. చార్మినార్ బొమ్మ ఉన్నవి నిజాం కొట్టించిన హాలీ సిక్కాలు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు ఇచ్చేవాళ్లని, తన తండ్రి సంతకు పోయినప్పుడల్లా ఆ లెక్కతో తల పట్టుకునేవాడని చెప్పేది. మేమే విని ఊరుకున్నాం. మా మూటలో కల్దార్లు 27, హాలీలు 11 వచ్చాయి.

మూట నేను హనుమకొండకు తెచ్చుకున్నాను. జూన్ 11, బడులు తెరవడానికి ముందురోజు, ఇంట్లో ఖాళీగా ఉండి నేను చేసిన పని ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. బిళ్లలు నల్లగా ఉన్నాయి కదా, మెరిపిద్దామని పళ్లపొడి, పాత బ్రష్షు తీసుకుని కూర్చున్నాను. పాతవి ముందు మొదలుపెడదామని రాణి బొమ్మవి ఏడు, బట్టతల రాజుది ఒకటి, కిరీటం రాజు జార్జిది ఒకటి, మొత్తం తొమ్మిది తోమాను. గిన్నెల్లా తళతళలాడాయి. ఫొటో తీసి అక్కకు పంపితే "బాగున్నాయే" అంది. చేతులు నొప్పి పుట్టి ఆపాను కాబట్టి మిగతావి బతికాయి.

జూన్ 14 శనివారం వరంగల్ చౌరస్తా దగ్గరి ఒక వెండి దుకాణానికి తీసుకెళ్లాను. అమ్మడానికి కాదు, ధర తెలుసుకోవడానికే. దుకాణదారు మూట విప్పి చేత్తో ఒకసారి కలియబెట్టాడు. కాటా పక్కనే ఉంది, దాని వైపు చూడనైనా లేదు.

"రూపాయంటే తులం మేడమ్. ముప్పై ఎనిమిది రూపాయలు, ముప్పై ఎనిమిది తులాలు. పాత వెండి కాబట్టి నూటికి ఇరవై తరుగు పోతుంది" అని కాలిక్యులేటర్ నా వైపు తిప్పాడు. గ్రాము 108 చొప్పున 32,832 రూపాయలు. చిల్లర బిళ్లలు విడిగా చూద్దామన్నాడు. అమ్మ కూడా రూపాయంటే తులం ఎత్తని అనేది. అందుకే ఆ మాట వినగానే నమ్మకం కలిగింది. సరే, తమ్ముడిని అడిగి చెబుతానని వచ్చేశాను.

ఆటోలో కూర్చున్నాక లెక్క తన్నింది. అమ్మ చెప్పిన తులం పాత తులం, 11.66 గ్రాములు. కల్దారు రూపాయి సరిగ్గా అంతే తూగేలా కొట్టేవారు. దుకాణంలో ఇప్పుడు తులమంటే 10 గ్రాములు. పేరు ఒకటే, తూకం వేరు. బిళ్లకు గ్రామున్నర పైగా అక్కడే మాయమైంది, అది చాలక మిగిలినదాని మీద మళ్లీ ఇరవై శాతం తరుగు. ఆయన కావాలని చేశాడో, అందరికీ అలాగే లెక్క కడతాడో నాకు అనవసరం. నేను మాత్రం ఇంకాస్తుంటే ఒప్పుకునేదాన్నే.

మర్నాడు 450 రూపాయలు పెట్టి చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. అది నిజం చెబుతుందో లేదో చూడటానికి ఒక ఉపాయం ఉంది. రెండు రంగుల పది రూపాయల బిళ్ల 7.71 గ్రాములు ఉండాలి. కొత్తది పెట్టి చూస్తే 7.70 చూపించింది, చాలు అనుకున్నాను. ఒక్కో రూపాయినీ తూచి నోట్‌బుక్‌లో రాశాను. కల్దార్లు 11.6 దగ్గర, బాగా అరిగిన రాణి బొమ్మవి 11.3 దగ్గర, చార్మినార్లు 11.1 దగ్గర తూగాయి. మొత్తం 433 గ్రాములు. దుకాణం లెక్కలో అది 380.

తూకం తెలిసినంత మాత్రాన వెండి ఎంతో తెలియదు. మరుసటి వారం, నగల స్వచ్ఛత చూసే యంత్రం ఉన్న చోట బిళ్లకు వంద చొప్పున మూడు బిళ్లలు పెట్టించాను. రాణి బొమ్మ దానికి వెండి నూటికి 91 పైన వచ్చింది. చార్మినార్‌కు 82కు కాస్త తక్కువ. 1944 అని ఉన్న కిరీటం రాజుకు 50! యంత్రం తప్పు చూపిస్తోందని మళ్లీ పెట్టించాను. మళ్లీ అంతే. యుద్ధకాలంలో వెండికి కరువొచ్చి 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారని తర్వాత తెలిసింది. తూకం మాత్రం అదే 11.66 కాబట్టి కాటా దీన్ని పట్టుకోలేదు. సంవత్సరం చూడాలి, లేదా అంచు చూడాలి. ఈ సగం వెండి వాటికి అంచు గీతల మధ్య సన్నని గాడి తిరిగి ఉంటుంది. షాబాదు బండ మీద వేస్తే పాతది ఖంగుమంటుంది, ఇది టక్కుమంటుంది. అవి మా మూటలో ఐదున్నాయి.

ఇప్పుడు లెక్క మళ్లీ వేశాను. అసలు వెండి 361 గ్రాములు, అదే 108 చొప్పున 39,000 దాకా వస్తుంది. ఆరు వేల పైచిలుకు తేడా. తమాషా ఏమిటంటే ఆ దుకాణం లెక్కలో సగం వెండి బిళ్లలకు మాత్రం ఉన్నదాని కంటే ఎక్కువే కట్టారు. అంటే మనిషికి పన్నెండు చొప్పున పంచుకుని ఉంటే ఎవరి వాటాకు ఎక్కువ సగం వెండివి వస్తే వాళ్లు మునిగేవారు. అక్క అడిగిన మాట విలువ అక్కడ తెలిసింది.

ఈలోపు తమ్ముడు ఊరుకోలేదు. 1911 నాటి జార్జి రూపాయికి లక్షలు వస్తాయని ఎక్కడో చూశాడు. మా మూటలో ఒక బిళ్ల మీద చివరి అంకె అరిగి ఒకటిలా కనిపిస్తోంది. దాని ఫొటో ఫోనులో ఎవరికో పంపాడు. జూన్ 20న వాడికి ఫోను వచ్చింది. మూడు లక్షలకు కొంటామని, ముందుగా నమోదు రుసుము 1,850 కట్టాలని, రిజర్వు బ్యాంకు అనుమతి కాగితం కూడా పంపుతామని చెప్పారు. కాగితం వచ్చింది, దాని మీద ముద్ర కూడా ఉంది. వాడు కట్టేశాడు. రెండు రోజుల తర్వాత పన్ను కింద ఇంకో 12,000 కట్టమన్నప్పుడు నాకు ఫోను చేశాడు. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది, పాత నాణేల అమ్మకాలకూ తమకూ సంబంధం లేదని, రుసుములేవీ అడగమని. 1930 నంబరుకు ఫిర్యాదు చేయించాను. డబ్బు రాలేదు. వాడిని తిట్టబోయి ఆగిపోయాను, నా తొమ్మిది బిళ్లలు కళ్ల ముందు మెరుస్తున్నాయి.

చార్మినార్ రూపాయల మీద రాత చదవడానికి మా బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన సారు ఇంటికి జూన్ 22న వెళ్లాను. అప్పటికే నేను అంతర్జాలంలో అంకెలు నేర్చుకుని సంవత్సరాలు రాసుకున్నాను. సారు నా కాగితం చూసి చాలాసేపు నవ్వారు. వాళ్ల ఐదు మన సున్నాలా ఉంటుంది, సున్నా ఒట్టి చుక్క. ఏడును తిరగేస్తే ఎనిమిది. నేను సగం బిళ్లల్ని తలకిందులుగా పట్టుకుని చదివాను. చార్మినార్ గుమ్మం మధ్యలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. అద్దం పెట్టి అది నాకు చూపించారు. ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్, మీమ్ ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్. చుట్టూ నిజాముల్ముల్క్ ఆసఫ్ జా బహదూర్ అని, వెనకవైపు టంకశాల పేరు ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అని చదివి వినిపించారు. శుభమైన పునాది అని అర్థమట. మా పదకొండూ ఐన్‌వే. ఎక్కువ భాగం హిజ్రీ 1337, అంటే 1918–19 నాటివి. ఆ బిళ్లలు అరవై ఏళ్లు మా ఇంట్లో ఉన్నాయి, వాటి మీద ఏం రాసుందో ఆ రోజే మొదటిసారి విన్నాను.

పాత నాణేలు తెలిసిన వ్యాపారి చార్మినార్ దగ్గర ఒకరున్నారని సారే చెప్పారు. జూన్ చివర్లో వెళ్దామంటే ఒకసారి అక్కకు కుదరలేదు, ఒకసారి ఆయనే ఊళ్లో లేరు. చివరికి జూలై 12, రెండో శనివారం, నేనూ అక్కా పొద్దున ఆరున్నరకు హనుమకొండలో బస్సెక్కాం. ఉప్పల్‌లో దిగి, మెట్రో, ఆటో మారి దుకాణం చేరేసరికి పదకొండు. మా ముందు ఒకాయన పోస్టు కార్డులూ స్టాంపులూ పరుచుకుని కూర్చున్నాడు. గంటా నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాం. అక్క మూటను ఒళ్లో నుంచి దించలేదు.

ఆయన మొదట అడిగిన ప్రశ్న ధర గురించి కాదు. "ఇవి ఎక్కడివి? ఇల్లు కూలగొడితే దొరికాయా, పొలంలో దొరికాయా?" అన్నారు. అమ్మ పెట్టెలోవని చెప్పాం. నేలలో గానీ గోడలో గానీ దొరికినవైతే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి, అలాంటివి నేను ముట్టుకోను అన్నారు. చూసినందుకు 500, అమ్మితే అది వెనక్కి ఇస్తానన్నారు.

తర్వాత గుడ్డ పరిచి, బిళ్లల్ని అంచుల దగ్గరే పట్టుకుంటూ, పావుగంటలో కుప్పలు చేశారు. అయస్కాంతం ఒకసారి వాటి మీదుగా తిప్పారు, ఏదీ అంటుకోలేదు. రాణి బొమ్మ వాటిల్లో నాలుగింటి మీద 1862 అని ఉంది. తమ్ముడు వాటిని నూట అరవై ఏళ్లవని వేరే పొట్లం కట్టి పంపాడు. ఆయన నవ్వి, 1862 తర్వాత చాలా ఏళ్లు అచ్చు మీద సంవత్సరం మార్చకుండానే కొట్టారని, 1874లోనే మళ్లీ అసలు సంవత్సరం వేయడం మొదలైందని చెప్పారు. వాటిని ఏ ఏడు కొట్టారో చుక్కలను బట్టి వెతుక్కోవాలట. మావి చుక్కలు కూడా అరిగిపోయాయి.

తమ్ముడి లక్షల బిళ్లను అద్దం కింద పెట్టారు. 1911 రూపాయి మీద రాజు వస్త్రంపై ఉన్న ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని, ముస్లింలు అభ్యంతరం చెబితే వాటిని వెనక్కి తీసుకుని కరిగించారని, 1912 నుంచి తొండం సరిచేశారని చెబుతూ అద్దం నాకిచ్చారు. నిలువు గీత కింద సన్నగా అడ్డగీత ఉంది, అంటే ఆ అంకె ఒకటి కాదు. రెండు. ఏనుగు తొండం కూడా శుభ్రంగా ఏనుగు తొండమే. 1918, 1919 నాటివి మా దగ్గర నాలుగున్నాయి. అవి కోట్లలో కొట్టినవి, ఆ వెండి కోసం అమెరికా వాళ్లు తమ డాలర్లను కరిగించి ఇచ్చారు, కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకండి అన్నారు.

కొండీలున్న ఐదింటిని విడిగా నెట్టేశారు. అవి అమ్మమ్మ మెడలో రూపాయల పేరులోవి, అంటే దండలోవి, దారం ఎక్కించడానికి పైన మాటు పెట్టి కొండి అతికారు. కొండి ఊడదీసినా మచ్చ పోదు, సేకరించేవాళ్లు తీసుకోరు, తూకానికే అమ్ముకోవాలి.

అప్పుడు బట్టతల రాజు బయటికొచ్చాడు. ఎడ్వర్డు, మా మూటలోని రాజుల్లో కిరీటం లేకుండా ఉండేది ఆయన ఒక్కడే, అమ్మ బట్టతల దొర అనేది. మా దగ్గర అవి మూడున్నాయి. ఆయన ఒకదాన్ని దీపం కింద వంచి చూసి, "ఇది ఎవరు తోమారు?" అన్నారు. అక్క నా వైపు చూసింది. అద్దంలో చూపించారు. రాజు చెంప మీద, మెడ మీద, పీచుతో తోమిన గిన్నె మీద ఉన్నట్టు సన్నటి గీతలు, వందలు. పక్కన తోమని బిళ్ల పెట్టారు. అది బూడిద రంగులో ఉండి, అంచు దగ్గరికి వచ్చేసరికి నీలం, దాని వెనక పల్చగా వంగపండు రంగు. ఆ నలుపు మురికి కాదు, వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన పొర. మీసం వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్న ఆ ఎడ్వర్డును తోమకపోయి ఉంటే మూడు వేలిచ్చేవాణ్ణి, ఇప్పుడు 1,200 అన్నారు. మిగిలిన ఎనిమిదీ ఎలాగూ అరిగినవే కాబట్టి వాటికి పెద్దగా పోయింది లేదన్నారు, నన్ను ఓదార్చడానికేనేమో. ఒక జార్జి చెవిలో అమ్మ పెట్టిన కుంకుమ గట్టిపడి ఉంది. అది గీకొద్దని కూడా చెప్పారు. నేను గీకుతానా ఇక!

ఆశ్చర్యం చిల్లరలో వచ్చింది. దుకాణాల వాళ్లు ఎవరూ పట్టించుకోని పావలాల్లో ఒక చార్మినార్ పావలా నిన్న కొట్టినట్టుంది. వెండి లెక్కన 250 విలువ చేసేదానికి ఆయన 700 అన్నారు. మిగతావి చాలావరకు వెండి ధర మీద ఓ యాభై నుంచి మూడు నాలుగు వందలు ఎక్కువ, అంతే. హాలీలు 1,100 చొప్పున, మంచి జార్జిలు 1,250, రాణులు సగటున 1,450, కొండీలవి 1,050, సగం వెండివి 650. అంతా కలిపి 46,800. లక్షలు కావు. ఏమీ అమ్మకుండా లేచాం, ఆయన మొహం మాడ్చుకోలేదు. ఒక్కో బిళ్ల పేరు, ధర కాగితం మీద రాసిచ్చి, పెట్టుకోవడానికి ప్లాస్టిక్ తొడుగులు 240కి ఇచ్చారు. వందేళ్లు దాటినవి దేశం దాటించకూడదు, అమెరికాలో ఉన్న పిల్లలకు పంపకండి అని గుమ్మం దాకా వచ్చి చెప్పారు. అక్క కొడుకు డల్లాస్‌లో ఉన్నాడని ఆయనకెలా తెలుసో!

ముడుపు కూడా చూపించబోయింది అక్క. ఆయన చేయి వెనక్కి తీసుకుని, "అది దేవుడి బాకీ అమ్మా, నాకు చూపించకండి" అన్నారు.

ఖర్చు రాసుకున్నాను. కాటా 450, యంత్రం 300, బస్సుకు ఇద్దరికీ రానూపోనూ 1,240, మెట్రో, ఆటోలు 380, ఆయనకు 500, తొడుగులు 240. తమ్ముడు పోగొట్టుకున్న 1,850 కలిపితే 4,960. ఇది ముందే తెలిస్తే ఇంత తిరిగేదాన్నా అంటే, ఏమో.

ఆగస్టు 9, రాఖీ పండుగ నాడు తమ్ముడింట్లో పంచుకున్నాం. కాగితం ప్రకారం మనిషికి 15,600. తమ్ముడు అమ్ముకునేవాడు కాబట్టి తూకానికి పోయేవన్నీ వాడికి: కొండీలవి, సగం వెండివి, జార్జిల్లో ఐదు, ఒక అర్ధ రూపాయి, ఒక పావలా. చార్మినార్లు పదకొండూ, మిగిలిన చిల్లరా అక్కకు. రాణులు, బట్టతల దొరలు ముగ్గురు, జార్జిలు రెండు నాకు. నేను తోమిన తొమ్మిదీ నా వాటాలోనే ఉండాలని నేనే అడిగాను. ఎడ్వర్డు ధరను 1,200గానే వేసింది అక్క, నేను మూడు వేలు వేయమన్నా వినలేదు. నా వాటాకు 850 ఎక్కువ వచ్చింది, అది అక్కకిచ్చాను. కొండీల బిళ్లలు తీసుకునేటప్పుడు తమ్ముడు ఒకదాన్ని అక్క మెడ దగ్గర పెట్టి చూసి, ఏమీ అనకుండా సంచిలో వేసుకున్నాడు.

సోమవారం వాడు చౌరస్తాలో అదే దుకాణానికి వెళ్లాడు, నేను వద్దన్నా. తూకం, సంవత్సరం, వెండి శాతం రాసిన నా కాగితం బల్ల మీద పెడితే ఈసారి కాటా కదిలింది. మొత్తం మీద 14,900 చేతికొచ్చింది. కాగితం రాసిందెవరని అడిగాడట, మా చిన్నక్క టీచరని చెప్పాడట. మోటారు బాగైంది.

మిగిలింది ముడుపు. కాటా కొన్న రోజు దాన్ని గుడ్డతోనే తూచాను, 12.9 చూపించింది. లోపల కల్దారో హాలీయో, సగం వెండిదో నిండు వెండిదో ఎవరమూ విప్పి చూడలేదు. రాఖీ నాడు భోజనాల దగ్గర అక్క చెప్పింది, తమ్ముడికి మూడేళ్లప్పుడు పదిహేను రోజులు జ్వరం తగ్గకపోతే వేములవాడ రాజన్నకు మొక్కి కట్టిన ముడుపు అదని. తర్వాత నాన్న పోవడం, మా చదువులు, అమ్మ మోకాళ్లు, ఏదో ఒకటి అడ్డం వచ్చి చెల్లించనే లేదట. అన్నీ అమ్మేద్దామన్న తమ్ముడు అన్నం కలుపుతూ ఆగిపోయాడు. వాడే వెళ్తానన్నాడు. ముడుపుతో పాటు, గుడిలో కోడెను కట్టే కోడె మొక్కు కూడా చెల్లించాలని అక్క అంటోంది. కార్తీకంలో రద్దీ ఎక్కువ, దసరా సెలవుల్లో వెళ్దామని అనుకుంటున్నాం. అప్పటిదాకా ముడుపు కరీంనగర్‌లో, అక్క దేవుడి గూట్లో ఉంది.